హవాయి చొక్కా అవార్డు నిజమేనా? అలాంటిది బెంగళూరులో పెట్టొచ్చా?

ప్రశ్న అడిగినవారు బెంగళూరులో ఒక హెల్త్‌కేర్ డిజిటల్ ఏజెన్సీలో పని చేస్తున్నారు. ఫార్మా సోషల్ మీడియాలో ముందుగా అడుగు వేసినవాళ్ళకి అమెరికాలో ట్రోఫీ బదులు హవాయి చొక్కా ఇచ్చేవారని ఎవరో చెప్పారట. అది నిజమేనా, చొక్కా ఎందుకు, అలాంటి అవార్డు తమ ఏజెన్సీ ఇక్కడ మొదలుపెడితే ఎలా ఉంటుంది, రీల్స్ చేసే డాక్టర్లకి ఇవ్వొచ్చా అని అడుగుతున్నారు.

నిజమే. మీరు మొదలుపెట్టండి కూడా, మన దగ్గర దాని అవసరం చాలా ఉంది. కానీ డాక్టర్లకి ఇవ్వకండి, ఎంట్రీ ఫీజు పెట్టకండి, ఫాలోవర్ల సంఖ్య చూసి ఇవ్వకండి. ఈ మూడింట్లో ఏది తప్పినా మీ అవార్డుకి విలువ ఉండదు. మొదటిది తప్పితే చట్టపరంగా కూడా చిక్కే. నేను ఎంఆర్‌గా, అంటే డాక్టర్ల దగ్గరికి మందుల కంపెనీ తరఫున తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌గా, బ్యాగు మోసి, తర్వాత బెంగళూరు వచ్చి ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్ చేసి, కొన్నేళ్ళుగా డిజిటల్ వైపు పని చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు చొక్కా సంగతి. జాన్ మాక్ అని అమెరికాలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఫార్మా మార్కెటింగ్ న్యూస్ అనే న్యూస్‌లెటర్ నడిపారు. మా రంగంలో ఆయన్ని 'ఫార్మాగై' అంటేనే అందరూ గుర్తుపడతారు. సూటూ బూటూ వేసుకునే కాన్ఫరెన్సులకి ఆయన పూలూ ఆకులూ ఉన్న రంగురంగుల హవాయి చొక్కా వేసుకుని వచ్చేవారు. ఫార్మా కంపెనీల్లో ఉంటూ సోషల్ మీడియాలో ధైర్యంగా కొత్త పని చేసినవాళ్ళకి 'ఫార్మాగై సోషల్ మీడియా పయనీర్ అవార్డు' పేరుతో అలాంటి చొక్కానే బహుమతిగా ఇచ్చేవారు. చూడటానికి సరదాగా ఉంటుంది కానీ, ఇచ్చే మనిషి ఎవరో చూడండి. కంపెనీలు తప్పు చేస్తే పేరు పెట్టి మరీ విమర్శించే మనిషి ఆయన. అలాంటివాడు చొక్కా ఇచ్చాడంటే ఆ పనికి విలువ ఉన్నట్టే. ఆ చొక్కా బరువంతా అందులోనే ఉంది.

ఇక ఆ రోజుల్లో ధైర్యం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియకపోతే ఈ అవార్డు అర్థం కాదు. ప్రిస్క్రిప్షన్ మందుల్ని నేరుగా జనానికి ప్రచారం చేయనిచ్చే దేశాలు ప్రపంచంలో రెండే, అమెరికా, న్యూజిలాండ్. అక్కడ కూడా షరతు ఉంది. మందు చేసే మేలు చెబితే దాని ముప్పు కూడా చెప్పాలి. టీవీ ప్రకటనలో, మ్యాగజైన్ పేజీలో అది కుదురుతుంది. గూగుల్‌లో రెండు లైన్ల ప్రకటనలో ఎక్కడ పడుతుంది? ఒక్క క్లిక్ దూరంలో వివరాలుంటే చాలు అనుకున్నారు కంపెనీలవాళ్ళు. 2009లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అది కుదరదని 14 కంపెనీలకి లేఖలు పంపింది. అదే ఏడాది నవంబర్ 12, 13 తేదీల్లో ఇంటర్నెట్, సోషల్ మీడియా ప్రచారం మీద వాషింగ్టన్‌లో బహిరంగ విచారణ పెట్టింది. అందరూ రూల్స్ వచ్చేస్తాయని ఎదురుచూశారు. అక్షరాల పరిమితి ఉన్న వేదికల గురించి, ఇతరులు రాసిన తప్పుడు సమాచారాన్ని సరిదిద్దడం గురించి ముసాయిదాలు వచ్చేసరికి 2014 జూన్ అయింది. ఆ మధ్య కాలమంతా రాతపూర్వకమైన రూల్ లేదు. తప్పు జరిగితే లేఖ మాత్రం వస్తుంది. అలాంటప్పుడు కంపెనీలో లీగల్ వాళ్ళ ముందు కూర్చుని 'మనం జనంతో మాట్లాడదాం' అనడానికి ఎంత గుండె కావాలో ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది.

అప్పుడు జరిగిన రెండు సంఘటనలు మీ టీమ్‌లో అందరికీ చెప్పండి. జాన్సన్ అండ్ జాన్సన్ 2007లోనే జేఎన్‌జే బీటీడబ్ల్యూ అనే బ్లాగు పెట్టి, కంపెనీ మనుషులు సొంత గొంతుతో రాయడం మొదలుపెట్టింది. 2008 నవంబర్‌లో అదే గ్రూపుకి చెందిన మోట్రిన్ అనే నొప్పి మాత్ర ప్రకటన వచ్చింది. బిడ్డని గుడ్డలో కట్టుకుని మోయడం ఒక ఫ్యాషన్ అన్నట్టుగా, దాంతో నడుం నొప్పి వస్తుందన్నట్టుగా ఉంది. తల్లులకి ఒళ్ళు మండింది. ఒక్క వారాంతంలో ట్విట్టర్ అంతా అదే గొడవ. ప్రకటన తీసేసి క్షమాపణ చెప్పారు.

రెండోది ఇంకా ముఖ్యం. 2010 మార్చిలో సనోఫీ-అవెంటిస్ ఫేస్‌బుక్ పేజీలో ఒక క్యాన్సర్ పేషెంట్, ఆ కంపెనీ కీమో మందు టాక్సోటీర్ వాడాక తన జుట్టు శాశ్వతంగా పోయిందని ఫోటోలతో సహా రాసింది. పేజీలో ఆ పోస్టులు తీసేశారు, ఆమె మళ్ళీ పెట్టింది, ఆఖరికి జనం రాసే వీలే లేకుండా చేశారు. 2015 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ ఆ మందు లేబుల్లో శాశ్వతంగా జుట్టు ఊడిపోయిన కేసుల సంగతి చేర్చింది. ఫేస్‌బుక్‌లో ఆ మహిళ చెప్పింది వినదగిన మాటే అని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఫార్మా సోషల్ మీడియా అంటే పోస్టు పెట్టడం అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ కేసే చెబుతాను. ఈ రంగంలో అసలు పని పోస్టు పెట్టాక మొదలవుతుంది.

తర్వాత 2011 ఆగస్టు 15 నుంచి ఫేస్‌బుక్, ఫార్మా పేజీల్లో కామెంట్లు మూసేసుకునే సదుపాయాన్ని చాలావరకు తీసేసింది. ప్రిస్క్రిప్షన్ బ్రాండ్ల పేజీలకి మాత్రం మినహాయింపు ఉంచింది. అప్పుడు చాలా కంపెనీలు పేజీలే మూసేసుకున్నాయి. మూయకుండా నిలబడి, మనుషుల్ని పెట్టి, వచ్చిన ప్రతి మాటా చదివి జవాబిచ్చిన కొద్దిమందే అసలైన మార్గదర్శకులు. అలా నిలబడినవాళ్ళకి గుర్తింపు దక్కాలన్నదే నా లెక్క.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన దగ్గర గీత ఇంకా గట్టిగా ఉంది. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందుల్ని, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన వాటిని, కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ప్రచారం చేయకూడదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో 54 జబ్బులున్నాయి. షుగరు, బీపీ, క్యాన్సర్, ఊబకాయం అన్నీ అందులో ఉన్నాయి. వాటిని ఈ మందుతో నయం చేస్తామని ప్రకటించకూడదు. అంటే అమెరికాలో చొక్కా అందుకున్న పనిని మక్కీకి మక్కీ ఇక్కడ చేస్తే కుదరదు. ఇక్కడ మిగిలేది జబ్బు గురించిన అవగాహన, డాక్టర్లకి మాత్రమే లాగిన్ ఉన్న వేదికలు, కంపెనీ పేజీ, పేషెంట్ సపోర్ట్, ఇంకా అందరూ మరిచిపోయే వినడం. మీ అవార్డు వీటికే ఉండాలి.

డాక్టర్లకి ఎందుకు వద్దన్నానో చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో ఎక్కువ ఉత్సాహం అక్కడే కనిపించింది. డాక్టర్ల వృత్తి ప్రవర్తన గురించిన 2002 నిబంధనలకి 2009 డిసెంబర్‌లో సవరణ చేర్చారు. దాని ప్రకారం డాక్టరు కంపెనీ నుంచి గిఫ్టు తీసుకోకూడదు, ఏ మందునీ బహిరంగంగా సమర్థిస్తూ ప్రచారం చేయకూడదు. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, సోషల్ మీడియా మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా పెట్టి, అదే నెలలో వాటిని పక్కన ఉంచింది. అంచేత పాతవే నడుస్తున్నాయి. అపెక్స్ లేబొరేటరీస్ కేసులో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, డాక్టర్లకి ఇచ్చే బహుమతుల ఖర్చుని కంపెనీ పన్ను లెక్కలో మినహాయించుకోవడానికి వీల్లేదని తేల్చింది. ఫార్మా కంపెనీల మార్కెటింగ్ ఎలా ఉండాలో చెబుతూ 2024 మార్చి 12న వచ్చిన నియమావళి, యూసీపీఎంపీ కూడా డాక్టరుకి గానీ, వాళ్ళ కుటుంబానికి గానీ సొంత వాడకానికి పనికొచ్చే గిఫ్టు ఇవ్వొద్దంది. చదువుకి, సమాచారానికి పనికొచ్చే వస్తువైతే ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటకూడదంది.

ఇవన్నీ పక్కన పెట్టుకుని మీ కార్యక్రమం ఊహించుకోండి. ఒక డాక్టరుగారి రీల్‌కి లక్షల వ్యూస్ వచ్చాయి. మీ ఏజెన్సీ స్టేజీ మీదికి పిలిచి సన్మానం చేసింది. మీ క్లయింట్ ఫార్మా కంపెనీ. రేపు ఎవరైనా ఆ రీల్ చూసి, అందులో టేబుల్ మీద ఉన్న స్ట్రిప్ మీ క్లయింట్‌ది అంటే మీరేం జవాబు చెబుతారు? ఇలాంటి ప్రతిపాదన నా ముందుకి వచ్చింది. ఒక క్లయింట్ టీమ్ చాలా మంచి ఉద్దేశంతోనే అడిగింది. ఆ డాక్టరుగారు కూడా నిజంగా మంచి పని చేస్తున్నారు, థైరాయిడ్ గురించి తెలుగులో ఆయనంత తేలిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. అయినా నేను వద్దనే చెప్పాను, ఆయన పేరుకి మచ్చ రాకూడదని. ఆయనకే ఫోన్ చేసి సంగతి వివరిస్తే వెంటనే ఒప్పుకున్నారు. డాక్టర్లని గౌరవించాలంటే వాళ్ళ అసోసియేషన్లున్నాయి, మెడికల్ కాలేజీలున్నాయి. కంపెనీ డబ్బు తగలని చోట అది జరగాలి.

డాక్టర్లు కాని హెల్త్ ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి ఎక్కువ చెప్పను. డబ్బు తీసుకుంటే తీసుకున్నట్టు కనిపించేలా చెప్పాలి, చదువు లేకుండా నిపుణుడిలా మాట్లాడకూడదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒకసారి చదవండి, అంతా అందులో ఉంది. అమెరికాలో 2015లో కిమ్ కర్దాషియన్ వేవిళ్ళ మాత్ర గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో ముప్పు చెప్పకుండా పొగిడితే ఎఫ్‌డీఏ నేరుగా ఆ కంపెనీకే హెచ్చరిక లేఖ పంపింది. ఆవిడ పోస్టు తీసేసి, జాగ్రత్తలన్నీ కలిపి మళ్ళీ రాయాల్సి వచ్చింది. మాట ఎవరి నోట్లోంచి వచ్చినా బాధ్యత కంపెనీదే.

ఎంట్రీ ఫీజు మాట. మా రంగంలో అవార్డులకి కొదవ లేదు. ఎంట్రీకి ఇంత, ఒకే పనిని ఇంకో విభాగంలో పెడితే ఇంకో ఇంత, గెలిస్తే డిన్నర్ టేబుల్ కొనాలి, ట్రోఫీకి అదనపు కాపీ కావాలంటే దానికీ బిల్లు. పేరు చెప్పను గానీ, ఒక కార్యక్రమంలో టేబుల్ కొన్న ఏజెన్సీలన్నిటికీ ఏదో ఒక విభాగంలో బహుమతి రావడం కళ్ళారా చూశాను. దానివల్ల నష్టపోయేది ఎవరంటే, చిన్న కంపెనీలో ఒక్కరే కూర్చుని నిజాయితీగా పని చేసే పిల్లలు. వాళ్ళకి ఫీజు కట్టే బడ్జెట్ ఉండదు, వాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. జాన్ మాక్ పద్ధతిలో నాకు నచ్చేది ఇదే. తనకి నచ్చిన పని చూశారు, తన ఇష్టంతో చొక్కా ఇచ్చారు.

మరి ఎవరికివ్వాలి? ఒక ఉదాహరణ చెబుతాను, నా మనసులో మొదటి అవార్డు ఆ అమ్మాయిదే.

ఒక కంపెనీకి గుండె ఆరోగ్యం మీద అవగాహన పేజీ నడిపేవాళ్ళం. బ్రాండ్ పేరు ఎక్కడా ఉండదు. కామెంట్లు గమనించడానికి ఒక టూల్ ఉండేది, అది ఇంగ్లీషు చూస్తుంది, కొంత హిందీ చూస్తుంది. మా టీమ్‌లో అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఆ పేజీ చూసుకునేది. ఒకాయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. వాళ్ళ నాన్నకి బీపీ మాత్ర మార్చాక రెండు కాళ్ళూ వాచాయని, అసలు పేజీకి సంబంధం లేని ఒక డైట్ వీడియో కింద రాశాడు. మాత్ర పేరు కూడా రాశాడు, అది ఆమ్లోడిపిన్. టూల్‌కి అది అర్థం లేని అక్షరాల కుప్ప. ఆ అమ్మాయి చదివి ఆగింది. కాళ్ళ వాపు ఆమ్లోడిపిన్‌తో తెలిసిన దుష్ప్రభావమే, కానీ తెలిసిందే కదా అని వదిలేయలేదు. ఆయనకి మర్యాదగా జవాబిచ్చి, మందు సొంతంగా ఆపొద్దని, రాసిన డాక్టరుకి వెంటనే చూపించమని చెప్పి, వివరాలు ఇన్‌బాక్స్‌లో అడిగి, అదే రోజు ఫార్మకోవిజిలెన్స్ టీమ్‌కి, అంటే మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టేవాళ్ళకి, పంపింది.

అంతటితో ఆగలేదు. మనవాళ్ళు ఇబ్బందిని ఎలా చెబుతారో ఒక పట్టీ రాయడం మొదలుపెట్టింది. 'ఈ టాబ్లెట్ నాకు పడలేదు', 'వేడి చేసింది', 'కళ్ళు తిరుగుతున్నాయి', 'నీరు పట్టింది', 'ఒళ్ళంతా దద్దుర్లు', 'గుండె దడ', ఇలా. ఒక్కోదానికి ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులు. పక్క సీట్లో ఉన్న కన్నడ అబ్బాయితో కన్నడంలో కూడా రాయించింది. ఆ పట్టీ టూల్‌లో పెట్టాక, అంతకు ముందు మా కంట పడకుండా పోయే కామెంట్లు పైకి రావడం మొదలైంది. ఆ పేజీకి ఫాలోవర్లు పెద్దగా లేరు. ఏ అవార్డు ఫారంలోనూ ఆ అమ్మాయి పని రాయడానికి గడే లేదు. రీచ్ ఎంత (ఎంతమంది చూశారు), ఎంగేజ్‌మెంట్ ఎంత (ఎంతమంది లైకు, కామెంటు కొట్టారు) అనే అడుగుతారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కాబట్టి నా మొదటి కొలత ఇది: పేషెంటు చెప్పిన మాట ఎవరి చెవిన పడింది, అక్కడి నుంచి ఎక్కడికి చేరింది? మందు దుష్ప్రభావం మీద ఒక రిపోర్టుకి నాలుగు విషయాలు చాలు. పేషెంటు ఎవరో గుర్తుపట్టే ఏదో ఒక వివరం, చెప్పినవారు, అనుమానం ఉన్న మందు, జరిగిన ఇబ్బంది. మార్కెట్లో ఉన్న మందుతో ఊహించని, తీవ్రమైన ఇబ్బంది వస్తే కంపెనీ తెలిసిన 15 రోజుల్లో అధికారులకి చెప్పాలి. ఏజెన్సీ కుర్రాడు శుక్రవారం సాయంత్రం చూసినా లెక్క అప్పటి నుంచే మొదలైనట్టు చూసుకోవడం మంచిది. చాలా ఏజెన్సీల్లో ఇది చెప్పనే చెప్పరు. మీ దగ్గర చెబుతున్నారా? చెప్పకపోతే అవార్డు కన్నా ముందు ఆ ట్రైనింగ్ పెట్టండి.

రెండో కొలత, లోపల ఒప్పించిన మనిషి. మంచి పోస్టు వెనక మెడికల్, లీగల్, రెగ్యులేటరీ సంతకాలుంటాయి. అన్నిటికీ వద్దనడం వాళ్ళకి తేలిక. 'ఇలా కాదు, ఇలా రాస్తే కుదురుతుంది' అని దారి చూపించిన మెడికల్ అఫైర్స్ డాక్టరో, రెగ్యులేటరీ మేడమో ఉంటే వాళ్ళని స్టేజీ ఎక్కించండి. ఎప్పుడూ వాళ్ళని ఎవరూ పిలవరు. కంపెనీ ఉద్యోగులుగా వాళ్ళు చేసిన పనికిచ్చే గుర్తింపు కాబట్టి, ప్రాక్టీసు చేసే డాక్టర్ల విషయంలో ఉన్న చిక్కు ఇక్కడ రాదు. అయినా వాళ్ళ కంపెనీ హెచ్‌ఆర్‌ని ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి.

బాగా వైరల్ అయినదానికి ఇవ్వాలా అని కూడా మీ టీమ్‌లో ఎవరైనా అడుగుతారు. 2022 జనవరిలో డోలో 650 మీద మీమ్స్ దేశమంతా తిరిగాయి గుర్తుందా? అది మన బెంగళూరు కంపెనీ మైక్రో ల్యాబ్స్ మాత్ర. ఆ హోరు జనం జ్వరాల్లోంచీ, భయంలోంచీ పుట్టింది. అలాంటి సమయంలో మార్కెటింగ్ టీమ్ చేయాల్సింది ఆ హోరుకి ఇంకాస్త ఆజ్యం పోయడం కాదు. మాత్ర ఎంత మోతాదు దాటకూడదో, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు ఎందుకు జాగ్రత్తగా ఉండాలో చెప్పే మాట ఆ గోలలో వినపడేలా చేయాలి. ఏ కంపెనీ మాత్రకైనా ఇదే వర్తిస్తుంది. వైరల్ అయిన రోజున సంయమనంతో ఉన్నవాళ్ళని వెతికి పట్టుకోండి, వాళ్ళు అర్హులు.

ఇక ఏం ఇవ్వాలి? హవాయి చొక్కా కాపీ కొట్టకండి. అది ఆయన మనిషితనంలోంచి వచ్చింది. ఇక్కడ సన్మానమంటే మైసూరు పేటా పెట్టి, శాలువా కప్పి, పళ్ళ బుట్ట ఇవ్వడం అందరికీ అలవాటే. దానికి తోడు ఒక చన్నపట్న చెక్క బొమ్మ ఇవ్వండి. రామనగర దగ్గర చేతిపని వాళ్ళు లక్క రంగులతో చేస్తారు, ఖరీదు తక్కువ, ఆఫీసు బల్ల మీద పెట్టుకుంటే వచ్చినవాళ్ళు ఇదేంటని అడుగుతారు. అలా అడిగినప్పుడల్లా ఆ పని గురించి చెప్పే అవకాశం వస్తుంది. చొక్కా చేసిన పని కూడా అదే.

ఎంపికకి ముగ్గురు చాలు. ఒక ఫార్మకోవిజిలెన్స్ మనిషి, ఒక పేషెంట్ గ్రూపు నుంచి ఒకరు, ఒక సీనియర్ ఫార్మసిస్ట్. మీ ఏజెన్సీ క్లయింట్లు పోటీలో ఉంటే ఆ సంగతి ముందే బయట పెట్టండి, మీవాళ్ళు ఓటు వేయకండి. ఎవరూ సరిపోని ఏడాది అవార్డు ఇవ్వకండి. ఇది రాసి పెట్టుకోండి, లేకపోతే హాలు బుక్ చేశాం కదా అని ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు.

ఎప్పుడు పెట్టాలంటే, సెప్టెంబర్ 17 నుంచి 23 దాకా జాతీయ ఫార్మకోవిజిలెన్స్ వారం జరుపుతారు. ఆ రోజుల్లో పెడితే సరిగ్గా సరిపోతుంది. స్టేజీ వెనక బ్యానర్ మీద మీ లోగో కన్నా పెద్దగా 1800-180-3024 నంబరు వేయించండి. మందుల దుష్ప్రభావాలు చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, టోల్‌ఫ్రీ. హాల్లో ఉన్నవాళ్ళలో సగం మందికైనా అది తెలియదని నా అనుమానం, అందులో మందులు అమ్మే కంపెనీల వాళ్ళు కూడా ఉంటారు.

నామినేషన్ ఫారం రాసుకున్నాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. 'రీచ్' అనే గడి మాత్రం అందులో ఉండనివ్వకండి.